పన్ను నాటించుకొనుటకు ముందు దేహారోగ్యము చూచుకొనవలెను

మన మెట్ట ప్రాంతములో వేరుసెనగ విత్తబోవు రైతు మొదట నేలలో పదును చూచును. గత సంవత్సరము ఆ చేనిలో తెగులు తగిలెనా యని తలచుకొనును. విత్తనము మంచి దగునా కాదా యని ఆ పిమ్మట విచారించును. విత్తనమెంత మేలైనదైనను పదును లేని నేలలో మొలవదని మనలో చిన్నపిల్లలు సైతము ఎరుగుదురు. ఇంత విచారము చేయు రైతు తన నోటిలో పన్ను నాటించుకొను సమయమున మాత్రము వెల యెంత, పని ఎన్ని దినములలో ముగియును అను రెండు ప్రశ్నలతోనే తృప్తిపడుచున్నాడు. నేలను గూర్చి, అనగా తన దేహమును గూర్చి, అడుగుట లేదు. ఈ లోపమువలన మన సభ్యులలో కొందరికి ధననష్టమును బాధయు కలిగినందున ఈ సంగతిని కొంత విపులముగా వ్రాయవలసి వచ్చినది.

నాటుపన్ను అనగా నేమి?

ఊడిన పంటికి బదులు పన్ను పెట్టించుకొనుటకు మూడు మార్గములు కలవు. మొదటిది, తీసి పెట్టుకొనుటకు వీలైన కట్టుడు పళ్లు. రెండవది, ఖాళీకి ఇరుప్రక్కల నున్న పళ్లను కొంత అరుగదీసి, వానిని ఆధారముగా చేసికొని వంతెనవలె నిలుపు పళ్లు. మూడవది ఇంప్లాంటు. దవడ ఎముకలో టైటానియము అను లోహముతో చేసిన చిన్న మరచీలను, అనగా స్క్రూను, బిగించి, ఎముక దానిని పట్టుకొనిన పిమ్మట దానిపై పన్ను అమర్చుదురు. దీనినే ఇచ్చట నాటుపన్ను అని వ్రాయుచున్నాను.

ఇది స్వీడను దేశమున పుట్టిన విద్య. బ్రోనెమార్కు అను వైద్యుడు 1952 ప్రాంతమున ఎముకలలో రక్తము ప్రసరించు విధమును పరిశీలించుటకై కుందేళ్ల కాలి ఎముకలలో టైటానియముతో చేసిన చిన్న పరికరముల నమర్చెను. పని ముగిసిన పిమ్మట వానిని ఊడదీయబోగా ఎముక వానిని వదలలేదు. ఈ లోహమును ఎముక పరాయి వస్తువుగా త్రోసివేయక తనలో కలుపుకొనుచున్నదని ఆయన గ్రహించి, 1965 లో మొదటిసారిగా ఒక మనుష్యుని దవడలో ఇట్టి చీలలను బిగించెను. ఆ మనుష్యుడు 2006 లో మరణించువరకు, అనగా నలువది సంవత్సరములకు పైగా, వానినే వాడుకొనెను. ఆరోగ్యవంతులలో నాటిన పళ్లు పది సంవత్సరముల తరువాతను నూటికి 90 కి పైగా నిలిచియుండుట నేడు అంతట కనబడుచున్నది. కావున ఈ విద్యయందు లోపమున్నదని ఎవరును తలపరాదు. దానిని ఎట్టి దేహమున ప్రయోగించుచున్నాము అనునదే మన విచారము.

ఎముక పట్టుకొను విధము

నారుమొక్కను నాటి పాదులో మట్టిని త్రొక్కినప్పుడు మొక్క కదలక నిలుచును. ఆ బిగువు మన కాలు కలిగించినదే కాని వేరు కలిగించినది కాదు. వేరు పట్టుటకు కొంతకాలము కావలెను. నాటుపన్ను విషయమున నిట్లే రెండు బిగువులు కలవు. మొదటిది, చీలను త్రిప్పి బిగించినందున కలుగునది. రెండవది, క్రొత్త ఎముక పెరిగి లోహమును కరచుకొనుటవలన కలుగునది. మొదటి బిగువు సుమారు మూడు నాలుగు వారములకు తగ్గును. రెండవది అప్పటికింకను పూర్తిగా రాదు. ఇదియే మిక్కిలి జాగ్రత్తగా నుండవలసిన కాలము. క్రింది దవడ ఎముక గట్టిది గనుక సుమారు మూడు నెలలకును, పై దవడ ఎముక మెత్తనిది గనుక సుమారు ఆరు నెలలకును పట్టు పూర్తియగుట సాధారణము.

ఈ నెలలలో పనిచేయునది వైద్యుడు కాదు, రోగి దేహమే. అందులకు నాలుగు సాధనములు కావలెను: గాయమునకు చక్కగా రక్తము చేరుట, ఎముకను కట్టు జీవకణములు చురుకుగా నుండుట, ఆహారమునుండి సున్నము మాంసకృత్తులు లభించుట, గాయములో సూక్ష్మజీవులు చొరకుండుట. ఈ నాలుగింటిలో దేనికి భంగము కలిగించు వ్యాధియైనను అలవాటైనను పంటికి చెరుపు చేయును. ఇక నొక్కొక్కదానిని విచారింతము.

చక్కెర జబ్బు

నెత్తురులో చక్కెర హెచ్చుగా నున్నవారికి సన్నని రక్తనాళములు చెడును. గాయము ఆలస్యముగా మానును. సూక్ష్మజీవులతో పోరాడు శక్తి తగ్గును. చిగుళ్లు తరచు వాచును. కాలి పుండు మానని వానికి దవడలోని గాయము మాత్రము త్వరగా మానునని ఆశించుట ఎట్లు?

అయినను చక్కెర జబ్బు ఉన్నంతమాత్రమున పన్ను నాటరాదని లేదు. జబ్బు అదుపులో నున్నవారికి నాటిన పళ్లు ఇతరులకువలెనే నిలుచుట కలదు. అదుపును తెలిసికొనుటకు ఆ దినపు నెత్తురు పరీక్ష ఒక్కటి చాలదు. ఏలయన, ముందురోజు పస్తుండి పోయినవారికి అది తక్కువగా కనబడవచ్చును. గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి అను పరీక్ష చేయించవలెను. అది 6.5 గాని అంతకు మించిగాని యున్నచో చక్కెర జబ్బు ఉన్నదని అర్థము. జబ్బు గలవారికి 7 ప్రాంతమున నున్నచో వైద్యులు తృప్తిపడుదురు. 8 కి మించినచో పెక్కుమంది వైద్యులు పన్ను నాటుటను వాయిదా వేసి, ముందు చక్కెరను తగ్గించుకొని రమ్మందురు. అట్లు పంపివేసిన వైద్యునిపై కోపగించుకొనరాదు. అదునుగాని సమయమున విత్తవద్దని చెప్పువాడు మన మేలు కోరువాడే.

జబ్బు తనకు లేదని తలచువారు కూడ పరీక్ష చేయించుకొనవలెను. ఈ జబ్బు ఏండ్లతరబడి బాధ తోపనీయకయే దేహములో నుండగలదు.

బీడీ, పొగాకు, వక్క

బీడీ చుట్ట సిగరెట్టులలోని నికోటిను రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. పొగ నెత్తురులోని ప్రాణవాయువును తగ్గించును. కాలువకు అడ్డుకట్ట వేసి చివరిమడి ఎండెనని విచారించినట్లే యగును. పొగత్రాగువారిలో నాటుపళ్లు చెడుట త్రాగనివారికంటె సుమారు రెండింతలని గమనింపబడినది. పన్ను నాటుటకు ఒక వారము ముందునుండి, నాటిన పిమ్మట కనీసము ఎనిమిది వారములు పొగ మానవలెనని వైద్యులు చెప్పుదురు. ఎనిమిది వారములు మానగలిగినవాడు అటుపిమ్మట మరల ముట్టింపకుండుటయే సర్వవిధముల మంచిది.

నమలు పొగాకు, గుట్కా, వక్కపొడి వలన మరియొక కీడు కలదు. వక్కను నిరంతరము నమలువారికి బుగ్గల లోపలిపొర గట్టిపడి, నోరు తెరచుట క్రమముగా కష్టమగును. రెండు వ్రేళ్లు కూడ దూరని నోటిలో వైద్యుడు పనిముట్లు పెట్టుట యెట్లు? ఇట్టి నోళ్లలో పుట్టుకురుపు పుట్టు భయము కూడ కలదు. పొగాకు కలిపిన పళ్లపొడితో దినమునకు పలుమారులు చిగుళ్లను రుద్దుకొను స్త్రీలు మన గ్రామములలో నున్నారు. అదియు పొగాకే యని వారికి ఇంటివారు తెలియజెప్పవలెను.

చిగుళ్ల వ్యాధి

పుచ్చులేని గట్టి పళ్లు ఒకటి తరువాత నొకటి కదలి ఊడినవారికి సాధారణముగా చిగుళ్ల వ్యాధియే కారణము. పళ్లకు పట్టిన గారలో నుండు సూక్ష్మజీవులు ఎముకను మెల్లగా తినివేయును. పన్ను ఊడినను ఆ సూక్ష్మజీవులు నోటిలోనే యుండును. కలుపు తీయని చేనిలో క్రొత్త విత్తనము వేసిన ఏమగునో ఇచ్చటను అదియే యగును. కావున ముందుగా గార తీయించి, చిగుళ్లనుండి నెత్తురు కారుట ఆగిన పిమ్మటనే పన్ను నాటింపవలెను.

ఇచ్చట నొక భేదము గుర్తింపదగియున్నది. సహజమైన పంటికిని ఎముకకును నడుమ సన్నని నారపొర కలదు. రాయి కొరికినచో ఆ పొర వెంటనే నొప్పి తెలిపి మనలను హెచ్చరించును. నాటుపంటికి ఆ పొర లేదు. దాని చుట్టు ఎముక క్షీణించుచున్నను చాలకాలము నొప్పి తెలియదు. అందుచేత నొప్పి లేదని ఊరకుండక ఆరునెలలకొక పర్యాయము చూపించుకొనవలెను. నిద్రలో పళ్లు కొరుకు అలవాటున్నవారు ఆ సంగతి ముందుగానే చెప్పవలెను.

మన బోరునీటిలోని ఫ్లోరైడు

ఈ విషయము మన ప్రాంతమునకు ముఖ్యము. 2022 ఏప్రిలు నెలలో అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజింపబడిన మన పూర్వపు జిల్లాలో వాన తక్కువ, అడుగున నున్నవి గ్రానైటు జాతి రాళ్లు. ఆ రాళ్లలోని ఫ్లోరైడు నీటిలో కరగును. భూగర్భజలము అడుగంటి బోర్లను లోతునకు త్రవ్విన కొలది చాలచోట్ల నీటిలో ఫ్లోరైడు హెచ్చుచున్నది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు లోబడియుండుట మంచిదనియు, వేరొక నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము.

ఈ వ్యాధి తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. 1937 లో షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించి, అచ్చటి ప్రజల పళ్లపై మచ్చలకును, బిగుసుకొనిన వెన్నునకును నీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. అటుపిమ్మట నల్లగొండ జిల్లా కూడ ఈ వ్యాధికి పేరుపడినది. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు వచ్చినది. మన జిల్లాలో 1990 తరువాతి సంవత్సరములలో సత్యసాయి తాగునీటి పథకము ద్వారా ఏడువందలకు పైగా గ్రామములకు నీరు చేర్చబడెను. గొట్టపు నీరు వచ్చుచున్న గ్రామములలో సైతము ఎండకాలమున బోరునీరు త్రాగువారు గలరు.

నాటుపంటికిని ఫ్లోరైడునకును గల సంబంధమును మూడు విధముల చెప్పవచ్చును.

మొదటిది. పళ్లపై గోధుమరంగు మచ్చలు ఉండుటచేత ఆ పళ్లను తీయించి నాటుపళ్లు పెట్టించుకొనుట అనవసరము. ఆ మచ్చలు బాల్యమున, పళ్లు దవడలో తయారగు కాలమున, త్రాగిన నీటివలన ఏర్పడినవి. మచ్చలున్నను వేరు గట్టిగానున్న పంటిని మించిన పన్ను ఏ వైద్యుడును చేయలేడు. వికారముగా నున్నచో పైపూత వేయించుకొనవచ్చును.

రెండవది. ఫ్లోరైడు ఎముకలకు పట్టినవారి ఎముక చూపునకు దట్టముగా నుండును గాని పెళుసుగా నుండును. గట్టి ఎముకలో రంధ్రము చేయునప్పుడు వేడి ఎక్కువగా పుట్టును. వేడికి ఎముక చచ్చును. కావున ఫ్లోరైడు గ్రామమువారు తాము చిన్ననాటినుండి ఏ నీరు త్రాగినది, నడుము మెడ వంగునా లేదా అను సంగతులు దంతవైద్యునికి తప్పక చెప్పవలెను. ఆయన ఎక్స్‌రే తీసి ఎముకను చూచి, పనిని తగిన నెమ్మదితో చేయును.

మూడవది. ఫ్లోరైడు చాలవరకు మూత్రపిండముల ద్వారా వెలికి పోవును. మూత్రపిండములు చెడినవారి దేహములో అది మరింత నిలువ యుండును. వారి ఎముకలు వేరు కారణములచేతను బలహీనమగును. అట్టివారు మూత్రపిండముల వైద్యుని సమ్మతి లేక పన్ను నాటించుకొనరాదు.

నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని కొందరు భ్రమపడుచున్నారు. కాచుటవలన నీరు ఇగిరి ఫ్లోరైడు మరింత చిక్కబడునే గాని తగ్గదు. ఆర్‌.ఓ. యంత్రములో అది చాలవరకు తగ్గును. కాని ఆ యంత్రపు పొరలను సకాలమున మార్చుచుండవలెను. బోరునీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించుట ఉత్తమము.

గుండె జబ్బు, రక్తపు పోటు

గుండెపోటు వచ్చి ఆరునెలలు నిండనివారు పన్ను నాటించుకొను పని వాయిదా వేయవలెను. రక్తపు పోటు 180/110 ప్రాంతమున నున్నచో ముందు దానిని తగ్గించుకొనవలెను. గుండె కవాటములు మార్పించుకొనినవారు ఆ సంగతి చెప్పినచో వైద్యుడు ముందుగా తగిన మందు ఇచ్చి, నోటి సూక్ష్మజీవులు గుండెకు చేరకుండ కాపాడును.

నెత్తురు గడ్డకట్టకుండుటకు ఆస్పిరిను, క్లోపిడోగ్రెలు, వార్ఫరిను మొదలగు మందులు తినువారు మనలో పెక్కురు. పన్ను పని యున్నదని వారు తమంతట తాము ఆ మందులను ఆపివేయుట మిక్కిలి ప్రమాదము. నోటిలో నెత్తురు కారినచో అదిమి ఆపవచ్చును. గుండెలో గడ్డకట్టినచో ప్రాణమునకే అపాయము. ఆపవలెనో మానవలెనో గుండె వైద్యుడును దంతవైద్యుడును కూడ మాటలాడుకొని చెప్పవలెను.

చెప్పక దాచరాని మందులు

కీళ్ల నొప్పులకని ఊళ్లలో పేరు తెలియని మాత్రలు కొని తినుట మనవారి అలవాటు. వానిలో స్టెరాయిడు ఉండుట కలదు. దానిని చాలకాలము తినినవారి ఎముక గుల్లబారును, గాయము మానదు. ఎముకలు గుల్లబారకుండుటకును, పుట్టుకురుపు ఎముకలకు ప్రాకినప్పుడును ఇచ్చు అలెండ్రోనేటు, జోలెడ్రోనిక్ ఆసిడు మొదలగు మందులు తీసికొనినవారిలో కొందరికి పన్ను తీసినను నాటినను దవడ ఎముక మానక చచ్చిపోవుట 2003 నుండి వైద్యులు గుర్తించిరి. నోటి పుట్టుకురుపునకు కిరణచికిత్స పొందిన దవడ విషయమునను ఇట్టి భయమే కలదు. కావున తినుచున్న మందుల చీటీలన్నియు, చీటీలు లేనిచో మాత్రల ఖాళీ అట్టలైనను, మూటగట్టి వైద్యునికి చూపవలెను.

వయస్సు, గర్భము, ఆహారము

వృద్ధాప్యము అడ్డంకి కాదు. డెబ్బది ఏండ్లవాడైనను ఆరోగ్యవంతుడైనచో పన్ను నిలుచును. బాల్యము అడ్డంకి. దవడ పెరుగుచుండగా నాటినచో చుట్టునున్న పళ్లు పెరిగి, నాటిన పన్ను క్రిందనే నిలిచిపోవును. కావున పదునెనిమిది ఏండ్లు దాటి పెరుగుదల ఆగువరకు వేచియుండవలెను. గర్భిణులు ప్రసవమైన పిమ్మటనే ఈ పనికి పూనుకొనవలెను. నెత్తురు తక్కువగా నున్నవారు ముందు దానిని బాగుచేసికొనవలెను.

ఆహారమునకు మనము దూరము పోనక్కర లేదు. రాగులలో సున్నము సమృద్ధిగా కలదు. పప్పు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు గాయము మానుటకు తోడ్పడును. పన్ను నాటిన మొదటి దినములలో చల్లార్చిన రాగి అంబలి, మెత్తని సంగటి, పెరుగన్నము తగినవి. వేడివేడి సంగటియు, గట్టి జొన్నరొట్టెయు, వేయించిన వేరుసెనగలును ఆ వైపున నమలరాదు.

ఒక సభ్యుని అనుభవము

కళ్యాణదుర్గము వైపు సభ్యుడొకరు మూడేండ్ల క్రిందట వేరుసెనగ అమ్మిన డబ్బుతోను, మరికొంత బదులు తెచ్చిన డబ్బుతోను రెండు పళ్లు నాటించుకొనిరి. జబ్బులేమైన ఉన్నవా యని వైద్యుడు అడిగినప్పుడు లేవనిరి. ఎన్నడును పరీక్ష చేయించుకొననందున అట్లు తలచిరి. బీడీ త్రాగుదురా యని అడిగినప్పుడు సిగ్గుపడి లేదనిరి. దినమునకు ఒక కట్ట త్రాగుచుండిరి. నాలుగు నెలలలో చీము పట్టి రెండు చీలలును కదలెను, తీసివేయవలసివచ్చెను. ఆ పిమ్మట పరీక్షింపగా చక్కెర జబ్బు బయటపడెను.

ఆయన ఒక సంవత్సరము మందు తిని, నడక సాగించి, బీడీ మానిరి. పిమ్మట ఒక పన్ను మాత్రమే నాటించుకొని, రెండవదానికి తీసి పెట్టుకొను పన్ను కట్టించుకొనిరి. నేటికి ఆ పన్ను చక్కగా నిలిచియున్నది. “పళ్లు పోయినందున చక్కెర తెలిసినది, లేనిచో కాలు పోయినప్పుడు తెలిసియుండును” అని ఆయన నాతో చెప్పిరి. తక్కినవారికి ఆ తెలివి ఇంత ఖర్చు లేకుండ కలుగవలెనని తన సంగతి వ్రాయుటకు ఆయనయే అనుమతించిరి.

సభ్యులు చేయవలసినది

1. పన్ను వెల అడుగుటకు ముందు చక్కెర, రక్తపు పోటు, నెత్తురు పరీక్షలు చేయించుకొనవలెను. మొదటి రెండును ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చేయుదురు.

2. జబ్బులు, మందులు, బీడీ, వక్క, త్రాగునీరు, ఈ ఐదింటిని దాచక చెప్పవలెను. అడుగని వైద్యునికి మనమే చెప్పవలెను.

3. దేహము సిద్ధముగా లేదని వైద్యుడు చెప్పినచో వేరొక వైద్యుని వెదకి తొందరపడక, ఆ లోపమును బాగుచేసికొనవలెను.

4. నాటుపన్ను అందరికిని అవసరము కాదు. కట్టుడు పళ్లతో సుఖముగా భుజించువారు పెక్కురు. కడపలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రికి పోయి సలహా పొందవచ్చును.

5. సంఘమునుండి పొందిన పంటఋణమును ఈ పనికి మరల్చరాదు. పంట పోయి పన్నును పోయినచో రైతు రెండువిధముల నష్టపోవును.

ప్రతి సంఘమును తన సర్వసభ్య సమావేశము జరుగు దినమున, సమీపపు ఆరోగ్య కేంద్రమువారిని పిలిపించి, వచ్చిన సభ్యులందరికిని చక్కెర, రక్తపు పోటు పరీక్షలు చేయించినచో మిక్కిలి మేలు. భూసార పరీక్షకు మట్టి పంపుట మనవారికి అలవాటైనది; ఈ పరీక్ష కూడ అట్లే అలవాటు కావలెను. పన్ను నాటించుకొనువారికే గాక, నాటించుకొననివారికిని దీనివలన ప్రయోజనము కలదు.